పుంగనూరు మీదుగా ఇటలీ చిత్రశాలకు

ఇటలీ వెళ్ళొచ్చాను. పాస్‌పోర్టు లేదు, విమానం లేదు, కోటు కూడా లేదు. వెళ్ళొచ్చిన వాళ్ళంతా రాస్తున్నారు కాబట్టి నేనూ రాస్తున్నాను. వాళ్ళు దుబాయి మీదుగానో పారిస్ మీదుగానో పోతారు. నేను మదనపల్లెలో బయల్దేరి, పుంగనూరులో దిగి, పలమనేరులో కాఫీ తాగి, కుప్పం చేరి అక్కడి నుంచి లోపలికి పోయాను. దారిలో తిన్నదీ, పడ్డ తిప్పలూ, అక్కడి గోడలూ ఉన్నదున్నట్టు చెబుతాను. ఇంకా వెళ్ళని వాళ్ళు ఇది చదివి వెళ్ళకుండానే ఉండిపోతే నాకు మరీ సంతోషం.

నేను రిటైరైన డ్రాయింగు మాస్టర్ని. ఎన్నో ఏళ్ళు మదనపల్లె పిల్లల చేత కుండ, అరటిపండు, రెండు కొండల మధ్య సూర్యుడు వేయించాను. ఆ మధ్య ఆదివారం పేపర్లో ఒకాయన రాశాడు, ఇటలీలోని పేరుమోసిన చిత్రశాల ఇప్పుడు ఇంటర్నెట్టులోకి వచ్చిందట. అయిదు వందల ఏళ్ళ కిందటి మహా చిత్రాలన్నీ ఇంట్లో కూర్చునే చూడొచ్చట, గదిగదీ తిరగొచ్చట. మ్యూజియమే మన ఇంటికి నడిచి వచ్చిందని ఆయన పొంగిపోయాడు. మా ఇంటికి మున్సిపాలిటీ నీళ్ళే సరిగ్గా రావు. మ్యూజియం ఎలా వస్తుందో చూద్దామనిపించింది.

అయితే నేను కదిలింది ఆ వ్యాసం చూసి కాదు, మా వదిన వల్ల.

మా వదిన రుక్మిణమ్మ పుంగనూరులో ఉంటుంది. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను సాకి, చదివించి, మనిషిని చేసింది ఆవిడే. మా అన్న ఆ ఊళ్ళోనే మందుల షాపు నడిపి కాలం చేశాడు. వాళ్ళకు పిల్లల్లేరు. వదినకు ఒక కన్ను కొన్నేళ్ళ కిందట ఏదో ఉచిత క్యాంపులో ఆపరేషను చేయించుకున్నప్పుడు పోయింది. ఇప్పుడు రెండో కంటికి పొర కమ్ముకొస్తోంది. కుప్పం ఆస్పత్రిలో డాక్టరు చూసి, ఇంకా ఆలస్యం చేస్తే ఇదీ దక్కదన్నాడు. కత్తి అనే మాట వింటేనే వదిన లేచి వెళ్ళిపోయేది. నేను బతిమాలాను, తిట్టాను, మాట్లాడ్డం మానేశాను. చివరికి ఒకరోజు ఆవిడే ఫోను చేసింది.

"శీనా, దేవుని గూట్లో బొమ్మ ఉండాది కదా. దాంట్లో ఆ చెయ్యి ఎవురిదో నాకు సూపించు. సూసినాక కన్ను ఇస్తాను, ఏమన్నా చేసుకోనీ. అది సూడకుండానే గుడ్డిదాన్నయితే మాత్రం నేను ఓర్సుకోలేను."

ఇదీ షరతు. కన్ను దక్కాలంటే నేను ఒక చెయ్యికి మనిషిని వెతికి పెట్టాలి.

ఆ బొమ్మ సంగతి చెప్పకపోతే మీకు అర్థం కాదు. అది అన్న షాపుకు ఏదో మందుల కంపెనీ వాళ్ళిచ్చిన క్యాలెండరు బొమ్మ. నీలం కొంగు కప్పుకున్న తల్లి, ఒళ్ళో బిడ్డ. అన్న కంటికి యశోద, కృష్ణుడు కనిపించారు. ఇంట్లో ఎవరిదో పెళ్ళి ఫొటో తీసేసిన పాత ఫ్రేము ఒకటి ఉంటే అందులో కట్టించమని పంపాడు. ఫ్రేములు కట్టేవాడు చూశాడు, బొమ్మ పెద్దది, ఫ్రేము చిన్నది. కుడిపక్క బ్లేడు పెట్టి కోసి పారేశాడు. ఫ్రేముకు బొమ్మ పట్టకపోతే బొమ్మను కోసే జాతి మనది. ఆ కోతలో ఒక మనిషి పోయాడు, ఆ మనిషి చెయ్యి మాత్రం మిగిలింది. మణికట్టు దాకా కనిపిస్తుంది. ఏదో పండు పట్టుకుని బిడ్డ వైపు చాచి ఉంటుంది. బిడ్డ తల్లిని చూడడు. ఆ చెయ్యి వచ్చిన వైపు చూసి నవ్వుతుంటాడు. వదిన అన్నేళ్ళుగా తల్లికీ, బిడ్డకూ, ఎవరిదో తెలియని ఆ చెయ్యికీ కూడా రోజూ కుంకుమ పెడుతోంది.

ఒకసారి అద్దం పగిలి మార్చినప్పుడు, లోపలికి మడిచిన కింది అంచు మీద సన్న అక్షరాల్లో ఇటలీ చిత్రశాల పేరు చూశాను. అది బుర్రలో ఉండిపోయింది. పేపర్లో చదివింది అదే పేరని వదిన ఫోనుతో తట్టేసరికి లేచి చెప్పులేసుకున్నాను.

మదనపల్లె: పైకప్పు దర్శనం

మొదటి మజిలీ మా ఊళ్ళోనే, బస్టాండు వెనక రెడ్డెప్ప ఇంటర్నెట్ సెంటరు. చెక్కలతో చిన్నచిన్న గదులు కట్టి ఒక్కొక్క దానికీ పూల కర్టెను వేలాడదీశాడు. గంటకు ఆయన తీసుకునే డబ్బుతో బాల్కనీలో సినిమా చూడొచ్చు, అక్కడైతే ఫ్యాను కూడా తిరుగుతుంది.

"ఏం సార్, రిజల్ట్సా?" అన్నాడు రెడ్డెప్ప.

"కాదప్పా. ఇటలీ బొమ్మలు చూడాలి."

రెడ్డెప్ప నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. గొంతు తగ్గించాడు. "అట్లాంటివి మన సెంటర్లో వద్దు సార్. ఫ్యామిలీలు వస్తాండారు. మీరు సూస్తే పెద్దోళ్ళు."

అవి అలాంటివి కావనీ, దేవుళ్ళ బొమ్మలనీ, గొప్ప కళ అనీ చెప్పి ఒప్పించాను. కర్మ కాలి ముందుగా తెర మీదికి వచ్చింది గుడ్డల్లేని ఒక రాతి మనిషి. రెడ్డెప్ప కర్టెను పూర్తిగా తీసేసి, దాన్ని కడ్డీకి ముడేసి వెళ్ళాడు. అప్పట్నుంచీ దారిన పోయే ప్రతివాడూ నా ఇటలీ యాత్ర చూస్తూనే ఉన్నాడు. అందులో నా దగ్గర చదువుకున్న వాళ్ళు కూడా ఉన్నారు.

గదుల్లోకి వెళ్ళే దారి నొక్కాను. గది రావడం మొదలైంది. పైనుంచి కిందికి ఒక్కొక్క గీత వస్తుంది. ఒక గీత వచ్చాక, ఇంకో గీత రావాలా వద్దా అని ఆలోచిస్తుంది. మొదట పైకప్పు వచ్చింది. బంగారు పూత, తీగలు, నడుమ రెక్కల పిల్లలు. చాలాసేపు పైకప్పే వచ్చింది. అంత పనీ తీసుకెళ్ళి ఎవరికీ కనపడని చోట చేసిన వాళ్ళ తెలివికి నేను ముచ్చటపడ్డాను. గోడ మొదలయ్యి, ఒక పటం తాలూకు పై అంచు కనిపించి, నేను కుర్చీలో ముందుకు జరిగేసరికి గది మొత్తం మాయమైంది.

"మా ఇంట్లోది ఫోనెత్తినట్లుండాది సార్," అన్నాడు రెడ్డెప్ప తాపీగా. సెంటరుకూ ఆయన ఇంటికీ ఒకటే ఫోను లైను. వాళ్ళావిడ కలికిరిలో ఉన్న చెల్లెలితో మాట్లాడితే ఇటలీ మూతపడుతుంది. ఆ రోజు ఇటలీ చాలాసార్లు మూతపడింది. ప్రతిసారీ మళ్ళీ పైకప్పు నుంచి మొదలు. పొద్దుగూకేసరికి ఆ పైకప్పు మీది రెక్కల పిల్లలందరూ నాకు ముఖపరిచయమయ్యారు. గోడ మీద ఒక్క బొమ్మ కూడా కిందిదాకా దిగలేదు.

డబ్బులు తీసుకుంటూ రెడ్డెప్పే సలహా ఇచ్చాడు. "పుంగనూరులో మునిరత్నం అని కంప్యూటర్ కోచింగ్ పెట్టినోడు ఉండాడు. ఆయప్ప దగ్గర ఇదే మ్యూజియం సీడీ ఉండాది. దానికి ఫోనుతో పనే లేదు సార్." ఈ మాట పొద్దున చెప్పి ఉంటే బాగుండేది. కానీ పొద్దున చెబితే ఆయన వ్యాపారం ఏం కావాలి?

బస్సులో

పుంగనూరు బస్సులో నా పక్కన బి.కొత్తకోట నుంచి వచ్చిన టమోటా రైతు కూర్చున్నాడు. మదనపల్లె మార్కెట్టులో సరుకు దించి, రేటు విని, ఇంటికి పోబుద్ధి కాక కూతురి ఊరికి పోతున్నాడు.

"యాడికి సార్ పోతాండేది?"

రెడ్డెప్ప దగ్గర పడ్డ అవమానం ఇంకా పచ్చిగానే ఉంది. "ఇటలీకి," అన్నాను కసిగా.

ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు. "ఆడ టమోటా రేటెంత?"

నాకు తెలియదన్నాను. అక్కడి వాళ్ళు టమోటా లేకుండా ముద్ద దిగనివ్వరని మాత్రం చదివానన్నాను.

"అట్లనా! మనోళ్ళు ఆడికి యాల పంపరు సార్ లోడు? ఈడ కోత కూలి కూడా రాలేదు. రోడ్డు మీద పారబోసి వస్తాండా." కాసేపు కిటికీలోంచి చూసి మళ్ళీ నా వైపు తిరిగాడు. "ఇంతకీ మీరేం కొనేదానికి పోతాండారు?"

బొమ్మలు చూడ్డానికన్నాను. అప్పుడు మాత్రం ఆయన ఆశ్చర్యపోయాడు. తర్వాత పుంగనూరు వచ్చేదాకా నాతో మాట్లాడలేదు. యాత్ర మొత్తంలో నాకు తగిలిన కళావిమర్శకుల్లో ఆయనే నిక్కమైనవాడు.

పుంగనూరు: దేవుని గూడు

వదిన రాగిసంగటి, చెనిగ్గింజల ఊరుబిండి, అంటే వేరుశనగ పచ్చడి, చేసి పెట్టింది. నెయ్యి గిన్నెను చేత్తో తడుముకుని తీసింది. సంగటి ముద్ద మీద గుంట చేసి నెయ్యి వేస్తే సగం పళ్ళెంలో పడింది. అది చూసి నేను కోపంగా అన్నాను, "ఈ కళ్ళతో ఇంకా ఎన్నాళ్ళు ఇట్ల?"

"నెయ్యి యాడికీ పోల్యా, పళ్ళెంలోనే ఉండాది. కలుపుకో," అంది వదిన.

తిన్నాక దేవుని గూటి దగ్గరికి తీసుకెళ్ళింది. అద్దానికి ముక్కు తగిలేంత దగ్గరగా పోయి, మిగిలిన కన్నును ఆ చెయ్యి దగ్గర ఆనించి చూసింది. అద్దం మీద పొద్దున పెట్టిన కుంకుమ ఆవిడ ముక్కుకు అంటింది.

"మీ అన్న ఉండేటప్పుడు ఈ చెయ్యి ఆ బిడ్డ నాయనది అనుకుంటాంటి. మీ అన్న పోయినాక, ఎవురో పండ్లమ్మేదాని చెయ్యేమో అనుకున్యా."

"దేవుని బిడ్డకు పండ్లమ్మేది ఊరికే ఇస్తుందా వదినా?"

"యాల ఇయ్యదు? సంతలో నువ్వు ఏడిస్తే జామకాయ చేతిలో పెట్టి దుడ్లు ఒద్దనిన ముసిల్ది ఉండ్లేదా?"

నాకు గుర్తు లేదు. అయినా ఆ చెయ్యి ముసలిదా పడుచుదా, ఆడదా మగదా అనేది నాకు కూడా తెలియలేదు. డ్రాయింగు మాస్టర్ని అయ్యుండి అరగంట చూసినా తెలియలేదు. ఆ అచ్చు అంత దరిద్రంగా ఉంది.

పుంగనూరు: జరుగు జరుగు

మునిరత్నం కోచింగ్ సెంటరు మేడ మీద. గది గుమ్మం ముందు చెప్పుల కుప్ప. కంప్యూటరు గదిలోకి చెప్పులతో పోకూడదు, దుమ్ముకు పాడవుతాయట. వదిన బయటే చెప్పులు విడిచి, లోపల పెట్టె కనిపించగానే చేతులు జోడించింది. ఆ ఇటలీ చిత్రశాలలో జనం బూట్లతో తిరుగుతారని ఎక్కడో చదివాను. దేవుళ్ళ ముందు బూట్లు, కంప్యూటరు ముందు ఉత్త కాళ్ళు. రెండు దేశాల మధ్య తేడా అంతే.

సీడీ పెట్టగానే బ్యాండు మేళం, తర్వాత ఒక దొర గొంతు. మనం ఎక్కడా నొక్కాల్సిన పని లేదు, వాడే తీసుకుపోతాడు. గదుల వెంట గదులు. గోడల మీద పటాలు కుడినుంచి ఎడమకు పరుగెడుతున్నాయి. వాడికి నచ్చిన బొమ్మ దగ్గర ఆగి గంటకొట్టినట్టు మాట్లాడతాడు, మిగతా వాటిని దాటేస్తాడు. తిరుమలలో వాకిలి దగ్గర భుజం పట్టి ఈడ్చేసే వాళ్ళు గుర్తొచ్చారు. అక్కడ కనీసం బయటికి వచ్చాక లడ్డు ఇస్తారు.

వదిన కుర్చీ అంచున కూర్చుని, తెరకు జానెడు దూరంలో ముఖం పెట్టుకుంది. ఎర్ర గోడల గది ఒకటి వచ్చింది. ఉన్నట్టుండి వదిన మునిరత్నం భుజం పట్టుకుంది.

"ఆగప్పా! ఆడ! తలుపు పక్కన! ఆ నీలం కొంగు నాకు తెల్సు!"

నేనూ చూశాను. ఎడమ తలుపు పక్కన నీలం మెరిసింది, దాటిపోయింది. మునిరత్నం కంగారుగా ఏదో నొక్కాడు. బ్యాండు మేళం మళ్ళీ మొదటి నుంచీ వచ్చింది. మళ్ళీ అన్ని గదులూ, మళ్ళీ దొర ఉపన్యాసం. ఎర్ర గది గుమ్మం దాకా వచ్చి సీడీ ఆగిపోయింది. పెట్టెలోంచి గరగర మని చప్పుడొచ్చింది. మునిరత్నం దాన్ని బయటికి తీసి, ఊది, చొక్కాకు తుడిచి, మళ్ళీ పెట్టాడు. ఈసారి దొర కూడా రాలేదు.

"గీతలు పడిండాయి సార్. పిలకాయలు దీని మీద టీ గ్లాసులు పెడ్తారు. కుప్పంలో అయితే నెట్ బాగుండాది, ఆడ సూడండి."

"ఈ పిలకాయలంతా ఇక్కడ నేర్చుకుని ఎక్కడికి పోతారు?"

"బెంగళూరికి సార్, సాఫ్ట్‌వేరుకు."

బెంగళూరు మీద నాకున్న అభిప్రాయం ఆ రోజు స్థిరపడింది.

మెట్లు దిగుతుంటే వదిన నా చెయ్యి పట్టుకుంది. ముఖం వెలిగిపోతోంది. "ఉండాది శీనా. నిజంగానే ఆడ ఉండాది. రేపు కుప్పంలో సూపిస్తావు కదా? సూపిస్తే ఎల్లుండి ఆ డాక్టరు దగ్గర పండుకుంటా. సూపించకపోతే తిరుగు బస్సు ఎక్కేస్తా. మాట అంటే మాటే."

నేను సరేనన్నాను. లోపల నాకు భయం పట్టుకుంది. చూపించకపోతే వదిన నిజంగానే తిరిగి వచ్చేస్తుంది. ఆవిడ మొండితనం నాకు తెలుసు, ఎందుకంటే అది నాకూ అంటించింది.

కుప్పం దారి

పలమనేరులో దిగి కాఫీ తాగాం. కాఫీలో చక్కెర తప్ప ఏమీ లేదు. వదినకు మాత్రం బాగుందట. అక్కడి నుంచి బస్సు అడవి పక్కగా పోతుంది. వెనక సీటులో ఒకాయన, రాత్రి ఏనుగులు దిగి చెరకు తొక్కేశాయని అందరికీ వినపడేలా చెబుతున్నాడు. ఇటలీ పోయొచ్చిన వాళ్ళు మంచు కొండల గురించి రాస్తారు. వాళ్ళ దారిలో ఏనుగులు తగిలాయో లేదో మరి.

వదిన కిటికీ పక్కన కూర్చుంది కానీ బయటికి చూడలేదు. చూసినా తెల్లగా పొగ తప్ప ఏమీ కనపడదట. ఒళ్ళో చిన్న సంచి ఉంది. అందులో ఆస్పత్రి చీటీలు, రెండు చీరలు, కుంకుమ పొట్లం.

"కుంకుమ ఎందుకు?"

"ఆడికి పోయి ఒట్టి చేతుల్తో నిలబడల్లా?"

"వదినా, అది గుడి కాదు. బొమ్మల కొట్టం. అక్కడ కుంకుమ పెడితే పోలీసులు పట్టుకుంటారు."

"మనం ఆడికి పోతాండామా ఏంది? కుప్పంలోనే కదా ఉండేది," అంది వదిన.

కుప్పం: ఎర్ర గది

కుప్పంలో ఒకే వాక్యంలో మూడు భాషలు మాట్లాడతారు. ఇడ్లీ అడిగితే తమిళంలో ఎన్ని అంటారు, తెలుగులో పెడతారు, కన్నడంలో డబ్బు తీసుకుంటారు. ఆ ఏడు ఊరి నిండా కంప్యూటరు కేంద్రాలు వెలిశాయి. నీళ్ళ ట్యాంకు దగ్గరున్న కేంద్రాన్ని సెల్వమ్మ అనే ఆవిడ నడుపుతోంది. రేషను కార్డులు, భూమి కాగితాలు, ఇటలీ, ఏది కావాలన్నా అదే కుర్చీ.

"నెట్ ఇక్కడ స్పీడా ఉంటాది సార్. మదనపల్లె మాదిరి కాదు," అంది. మదనపల్లె పరువు కుప్పం దాకా పాకిందని అప్పుడు తెలిసింది.

స్పీడు మాట నిజమే. చిత్రశాల గదులు చకచకా తెరుచుకున్నాయి. ఈ దాంట్లో దొర లేడు, బ్యాండు లేదు. నేల మీద బాణం గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కితే ముందుకు పోతాం. ఎటు కావాలంటే అటు తిరిగి చూడొచ్చు. కానీ లోపల ఒక్క మనిషి లేడు. కాపలా కుర్చీలు ఉన్నాయి, వాటిలో కునికేవాడు కూడా లేడు. దొంగలు పడ్డ పెళ్ళింటిలా ఉంది. అంతంత ఖరీదైన దేవుళ్ళు ఒంటరిగా గోడలకు వేలాడుతున్నారు.

"ఎవురూ లేరేం? పూజారి యాడికి పోయినాడు?" అంది వదిన.

"వాళ్ళకు పూజారి ఉండడు వదినా. టికెట్లు చించేవాడే ఉంటాడు."

"పాపం," అంది. ఎవరిని గురించి అన్నదో తెలియలేదు.

ఎర్ర గది వచ్చింది. సెల్వమ్మ మెల్లగా తిప్పింది. కిటికీ, గడ్డం మునులు, గుర్రం మీద రాజు, తలుపు. ఎడమ తలుపు పక్కన, మేము సీడీలో చూసిన చోట, ఖాళీ.

గోడంతా వెలిసిన ఎరుపు. అక్కడ మాత్రం చతురస్రంగా ముదురు ఎరుపు, ఎన్నో ఏళ్ళు పటం వేలాడి గోడను కాపాడిన మచ్చ. నడుమ చిన్న కాగితం అంటించి ఉంది. దగ్గరికి పోదామని సెల్వమ్మ నొక్కింది. బాణం కదల్లేదు. గది నడిమధ్య దాకానే మనకు అనుమతి.

నాకు ఒళ్ళు మండిపోయింది. పైకప్పు చూపించారు, పరుగు చూపించారు, ఇప్పుడు మచ్చ చూపిస్తున్నారు. ఇందుకేనా ఆ పేపరు ఆయన పొంగిపోయింది? ప్రపంచం మొత్తాన్ని పిలిచి కూర్చోబెట్టి, చూడాల్సిన దాన్ని తీసి లోపల దాచుకునే మర్యాద ఏ దేశంలో ఉంది? ఇదంతా గట్టిగానే అన్నాను. సెల్వమ్మ తనేదో తప్పు చేసినట్టు ముఖం చిన్నబుచ్చుకుంది.

"వచ్చిందా శీనా?" అంది వదిన. ఆవిడకు ఎర్రగా తప్ప ఏమీ కనపడటం లేదు.

పక్క గోడ మీద గడ్డం ముని ఒకడు చెయ్యి చాచి ఉన్నాడు. అదిగో వదినా, ఇదే ఆ చెయ్యి, ఈయనే ఆ మనిషి అంటే సరిపోతుంది. రేపు ఆపరేషను అయిపోతుంది, కన్ను దక్కుతుంది. మాట గొంతు దాకా వచ్చింది. వదిన తెర వైపు కాకుండా నా ముఖం వైపు చూస్తోంది. అన్నేళ్ళు కుంకుమ పెట్టిన మనిషికి ఎవడో గడ్డపాయన్ను అంటగట్టడానికి నాకు నోరు రాలేదు.

"లేదు వదినా. బొమ్మను తీసేసినారు."

వదిన సంచి మూతి బిగించి పట్టుకుంది. ఇక లేచి బస్టాండుకు పోదాం అంటుందని ఎదురు చూశాను.

"యాల తీసినారంట?" అంది చివరికి.

సెల్వమ్మ తెర కింద వచ్చిన ఇంగ్లీషు చదివి నా వైపు చూసింది. నేనూ చదివి వదినకు చెప్పాను. "ఆ బొమ్మ మీద ఎప్పుడో పూసిన నూనె పాతబడి పచ్చగా పొర కట్టిందంట. లోపల రంగులు కనపడలేదంట. దాన్ని బాగు చేసే చోటికి పంపినారంట. ఆ పొర తీస్తాండారంట."

"ఎట్ల తీస్తారు?"

"ఏదో మందు పెట్టి, సన్న కత్తితో."

"ఎన్నేండ్ల బొమ్మ అది?"

"ఐదొందల ఏండ్లు ఉంటుంది."

వదిన ఆ ఎర్రదనం వైపు తిరిగింది. తర్వాత నవ్వు మొదలైంది. భుజాలు కదిలేలా నవ్వింది. సెల్వమ్మ భయపడి నీళ్ళు తెచ్చింది.

"ఆయమ్మకూ పొరేనా! సూడు శీనా, బిడ్డను ఒళ్ళో పెట్టుకోని పోయి ఆస్పత్రిలో పండుకోనుండాది. బిడ్డతల్లి ఆయమ్మకే లేని భయం నాకెందుకు?" కళ్ళు తుడుచుకుంది. "ఆ చెయ్యి కూడా ఆయమ్మతోనే పోయిండాది కదా. ఎవురిదో గానీ, ఇడిసిపెట్టి పోలేదు. అది సాలు నాకు. ఖాళీ యాడుండాది, సూపించు."

ఏం చేస్తోందో తెలియక నేను ఆవిడ వేలు పట్టుకుని తెర మీద ఆ ముదురు ఎరుపు చోట పెట్టాను. వదిన రెండో చేత్తో పొట్లం విప్పి, కుంకుమ తీసి, అక్కడ బొట్టు పెట్టింది. ఒకటి తల్లికి, ఒకటి బిడ్డకు, కొంచెం పక్కగా చెయ్యికి.

"ఐయో పాట్టీ... అవ్వా, మానిటరు!" అంది సెల్వమ్మ. గుడ్డ తీసుకుంది. వదిన ముఖం చూసి ఆ గుడ్డను మళ్ళీ బల్ల కింద పెట్టేసింది. మా తర్వాత భూమి కాగితానికి వచ్చిన ఆసామి ఆ కుంకుమ పక్కన తన సర్వే నంబరు వెతుక్కున్నాడు.

యాత్రలో చివరి మజిలీ

ఆస్పత్రి గురించి రాయడానికి పెద్దగా లేదు. ఇటలీలా బంగారు పైకప్పు లేదు, కానీ మనుషులున్నారు. వదిన మాట తప్పలేదు. తనంతట తనే నడిచి లోపలికి పోయింది. తలుపు మూశాక నేను బయట బల్ల మీద కూర్చుని, మొదటిసారి ఏ వెక్కిరింతా తోచక గోడ చూస్తూ ఉండిపోయాను. ఆ కన్ను కూడా పోతే ఈ మనిషికి నేను ఏమని చెప్పాలి? ఆ రాత్రి నేను ఇడ్లీ తినిపిస్తుంటే కట్టు కట్టిన ముఖంతో వదినే నాకు ధైర్యం చెప్పింది.

మర్నాడు పొద్దున డాక్టరు వచ్చి కట్టు విప్పాడు. కుర్రవాడు. వదిన పక్కగా నిలబడి, ఆవిడ ముఖం ముందుకు చెయ్యి చాచాడు.

"అమ్మా, ఎన్ని వేళ్ళు?"

వదిన రెప్పలు ఆర్పింది. కంటి నుంచి నీళ్ళు కారాయి.

"మూడు," అంది.

"చాలా మంచిదమ్మా," అని డాక్టరు చెయ్యి తీసుకోబోయాడు. వదిన ఆ చెయ్యిని గట్టిగా పట్టుకుంది. మణికట్టు చూసింది. తల మెల్లగా తిప్పి మోచెయ్యి చూసింది, భుజం చూసింది, చివరికి ఆ కుర్రవాడి ముఖం దాకా పోయింది. అక్కడ చాలాసేపు ఆగింది.

"నువ్వా నాయనా!" అంది.

డాక్టరుకు ఏమీ అర్థం కాలేదు. నాకు ఏడుపు ఆగలేదు. నేను గోడ వైపు తిరిగితే వదిన వెనక నుంచి పిలిచింది.

"శీనా, ఏడ్సింది సాలు గానీ, ఆ సెల్వమ్మ దగ్గరికి పో. ఆయమ్మకు కూడా కట్టు ఇప్పినారేమో సూసి రా."

ఇప్పి ఉండరని నాకు తెలుసు. అయినా చెప్పులేసుకుని బయల్దేరాను.